బకాసురుని బుద్ధి

కోలారు సీమవారికి బకాసురుడు పుస్తకములోని రాక్షసుడు మాత్రమే కాడు. కైవారమే నాటి ఏకచక్రపురమనియు, భీముడు బకుని చంపినది అచ్చటనే యనియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. 2007లో జిల్లాను విభజించినపుడు కైవారము చిక్కబళ్ళాపురము వైపు చేరినది గాని, కథ జిల్లా సరిహద్దుల నెఱుగదు. పైగా అది తెలుగున తత్త్వములు చెప్పిన కైవార తాతయ్యగారి ఊరు. కనుక బకునిగూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మనకు కొంత అధికారము కలదనియే మా తలంపు.

ఆ బకుని వంశము నేడు మన యిండ్లలోని తెరలపై వర్ధిల్లుచున్నది. పిల్లలాడు వీడియో ఆటలలో ఓగర్, ట్రోల్, ఆర్క్ మొదలగు పేర్లతో కనవచ్చు శత్రువులు వాని దాయాదులే. పేర్లు పాశ్చాత్యములు, రూపము మనకు చిరపరిచితము. కొండవంటి దేహము, చేత దుడ్డుకఱ్ఱ, రెండు ముక్కలకు మించని మాట. ఎదుట నున్నవానిని తఱుమును. వాడు గోడచాటున కొంచెముసేపు దాగినచో మఱచి వెనుదిరుగును. ఇట్టి ఆటలు పిల్లల బుద్ధిని మొద్దుబార్చునని కోపించు పెద్దలు కలరు. మా ఆక్షేపణ అది కాదు.

మొదట ఆ మందబుద్ధి పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. ఆ రాక్షసుడు దుడ్డుకఱ్ఱను మెల్లగా నెత్తును, ఎత్తి ఒక్క క్షణమాగును, పిమ్మట మోదును. ఆ క్షణము ఆట కల్పించినవాడు ఆడువాని కిచ్చిన వరము. ఆ వ్యవధిలో ప్రక్కకు తొలగుట నేర్చినవాడు గెలుచును. అంతటి బలమునకు తోడు యుక్తి కూడ నిచ్చినచో ఏ బాలుడును గెలువలేడు, రెండవమారు ఆడనే ఆడడు. కనుక వాని తెలివితక్కువతనము వాని స్వభావము కాదు. ఆట నడచుటకు పెట్టిన కట్టుబాటు. ఇంతవరకు మాకును సమ్మతమే.

అయితే భారతములోని బకుని చూడుడు. వ్యాసుడు వానిని వట్టి తిండిపోతుగా విడిచిపెట్టలేదు. ఆ దేశపు రాజు దుర్బలుడు, ప్రజలను కాపాడలేనివాడు. బకుడు శత్రువుల దండయాత్రలనుండి ఆ నాటిని కాపాడుచు, అందుకు కూలిగా బండెడు అన్నమును, రెండు దున్నలను, వానిని తెచ్చిన మనుష్యుని గైకొనుచుండెను. ఘోరమైన ఒడంబడికయే, అయినను ఒడంబడికయే. మాట తప్పినవాడు బకుడు కాడు. భీముడు ఆ అన్నమును వాని యెదుటనే తినుచు కూర్చుండెను. బకుడు వెనుకనుండి రెండు చేతులతో వీపుపై మోదినను భీముడు తిరిగి చూడలేదు. తిని, చేయి కడుగుకొనియే లేచెను. ఇందు యుక్తి యెక్కడ? ఒక మహాకాయుడు, ఒక మహా ఆకలి. ఎదుట మఱియొక మహాకాయుడు, మఱియొక మహా ఆకలి. వృకోదరుడని పేరుపడినవాడు మనవాడే గదా. మనవాని మొండితనమునకు నిష్కాపట్యమని పేరు. ఎదుటివాని మొండితనమునకు మూర్ఖత్వమని పేరు.

భీమసుతుడైన ఘటోత్కచుని విషయమునను ఇట్లే. 1957లో విజయావారు తీసిన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుని జూచి మురియని తెలుగిల్లు లేదు, మేమును మురిసినవారమే. వాడు రాక్షసుడే, కాని మనవాడు. అదే ఘటోత్కచుడు ద్రోణపర్వములో కర్ణుని శక్తికి కూలినప్పుడు పాండవులు దుఃఖింపగా కృష్ణుడు సంతసించెను. అర్జునునికై దాచిన ఆయుధము వ్యయమైనదన్నది ఒక కారణము. కర్ణుడు చంపనిచో తానే ఆ రాక్షసుని చంపవలసి వచ్చెడిదనియు కృష్ణుడు చెప్పెను. మన పక్షమున నిలిచిన బలవంతునకు సైతము దక్కిన గౌరవ మింతయే! సినిమాలో ఈ ఘట్టము లేదు. ఉండినచో పిల్లలు ఏడ్చియుందురు.

మా ఆక్షేపణ ఇప్పుడు చెప్పవచ్చును. మందబుద్ధి రాక్షసుని మాటతీరును, పేరును మన రచయితలు, ఆటల కర్తలు ఎక్కడనుండి తెచ్చుచున్నారు? 1937లో టోల్కీన్ వ్రాసిన 'హాబిట్'లో ముగ్గురు ట్రోల్‌లు వంట విషయమై తగవులాడుకొనుచు తెల్లవాఱుదాక కూర్చుండి, ఎండ తగిలి రాళ్లైపోవుదురు. హాస్యము బాగుగనే యున్నది. కాని వారి నోట పెట్టిన యాస లండను శ్రామిక జనులది. 1994లో వెలువడిన 'వార్‌క్రాఫ్ట్' ఆటలో ఆర్క్‌ల పక్షమున గని త్రవ్వి బంగారము మోయువాని పేరు 'ప్యూన్'. మన కచేరీలలోని ప్యూను మాటయే అది. బంగారము మోయు ప్యూను! ఈ సీమలో ఆ రెండు మాటలను ఒక్కచోట విన్నవాడు నవ్వి ఊరుకొనలేడు.

ఇందుకు భిన్నమైన ఆటలు లేకపోలేదు. 2011 నాటి 'స్కైరిమ్'లో మహాకాయులు మామత్‌లను మేపుకొనుచు తమ త్రోవన తాముందురు. సమీపించి కవ్వించినవానిని ఆకాశమున కెగురగొట్టుదురు. తప్పు వారిదా? 2005లో జపానువారు చేసిన 'షాడో ఆఫ్ ది కొలొసస్' ఇంకను లోతైనది. అందు పదునాఱు మహాభూతములను చంపవలెను. కొన్ని మొదట మనపై చేయి యెత్తనే యెత్తవు. ఒక్కొక్కటి కూలినపుడు విజయవాద్యములకు మాఱుగా విషాదగీతము వినవచ్చును. ఒక్కొక్క వధతో నాయకుని దేహము మలినమగుచుండును. బకుని వీపు చూపక ముఖము చూపు ఆట ఇది. పిల్లలకు ఏ ఆట కొనిపెట్టవలెనని మమ్మడిగినచో దీనినే చెప్పుదుము.

మనకు ఇంత పట్టుదల ఏల యనవచ్చును. 1880లో జాన్ టేలరు కంపెనీ ఇచ్చటకు వచ్చినప్పటినుండి 2001లో గనులు మూతపడువఱకు తెలుగు, తమిళ కుటుంబములనుండి దిగినవారి కండబలమే లెక్కకు వచ్చినది. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అంత లోతున రాయి హఠాత్తుగా పగులును. దాని చప్పుడును బట్టి ఎక్కడ నిలువవలెనో, ఎప్పుడు తప్పుకొనవలెనో తెలిసికొనుట చదువు కాదా? 1930లో వ్రేలిముద్రలు తీసి తమ్మును నమోదు చేయు పద్ధతిని కాదని ఈ కార్మికులు సమ్మె చేసిరి. ముద్రలోని మర్మమును గ్రహించినవారు మందబుద్ధులెట్లగుదురు? 2018లో ఈ ఊరి పేరుతోనే వచ్చి దేశమంతట ఆడిన 'కె.జి.ఎఫ్.' చిత్రమున గని జనము వెలుపలినుండి రావలసిన వీరునికై ఎదురుచూచు మూగ సమూహము. కల్పితకథ గనుక చరిత్ర నడుగరాదని దర్శకుని పక్షమువారు చెప్పవచ్చును. నిజమే. కాని కల్పనలో సైతము ఆ జనములో ఒక్కనికైనను సొంత ఉపాయము తోచనీయలేదు.