‘బాండికూట్’ పదవ్యుత్పత్తి: ఒక విమర్శ

ఆంగ్లమున ఏకపదముగా చెలామణి యగుచున్న ‘బాండికూట్’ వస్తుతః తెలుగు సమాసము. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున యూల్, బర్నెల్ పండితులు దీనిని ‘పందికొక్కు’ శబ్దమునకు వికృతిగా గుర్తించి, ‘పంది-ఎలుక’ యని అర్థము చెప్పిరి. ఈ నిర్ణయము మాకును సమ్మతమే. కాని అర్థము కుదిరినంతమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు. ధ్వనులకును సమాధానము కావలెను.

మొదట సమాసమును చూతము. ‘పందివంటి కొక్కు’ అని విగ్రహము. ఇది ఉపమాన పూర్వపద కర్మధారయము. కొక్కు ప్రధానము, పంది విశేషణము. సిద్దిపేట ప్రాంతమున వరిగట్లను త్రవ్వు ఈ జంతువును ఎరిగిన రైతునకు ఉపమానౌచిత్యమును వేరుగ చెప్ప బనిలేదు. ‘పంది-ఎలుక’ యను ఆంగ్లవివరణమున ఈ ఉపమానోపమేయ సంబంధము స్ఫురింపదు.

ఇక ధ్వనులు. పదాది పకారము బకారమైనది. ఆంగ్లేయులు పదాది పకారమును ఒత్తి పలుకుదురు. కావున ఒత్తులేని మన పకారము వారి చెవికి బకారముగా తోచుట సంభవమే. అయినను తమిళమునుండి వచ్చిన ‘పండాల్’ శబ్దమున పకారము నిలిచినది. కనుక దీనిని నియమముగా గాక, సంభావ్యతగా మాత్రమే గ్రహింపవలెను. పదాంతమందలి ఉకారలోపము సులభగ్రాహ్యము. అసలు చిక్కు ‘కొక్కు’లోని రెండవ కకారము టకారమగుటయందున్నది. ఆంగ్లమున కకారాంత పదములు కొల్లలు గదా! కావున ఈ మార్పు అనివార్యము గాదు. ‘కూట్’ అను నీటిపక్షి పేరు ఆ భాషలో పూర్వమే కలదు. ఎరుగని పదభాగమును ఎరిగిన పదముతో కలుపుట జనవ్యుత్పత్తి స్వభావము. ఇచ్చట నదియే జరిగినదని మా ఊహ.

ఈ ఊహకు అర్థపరిణామమును తోడ్పడుచున్నది. అవయవార్థము మరుగుపడిన పిదప ఆ పేరు ఆస్ట్రేలియాలో ఎలుకయు, పందియు గాని, పిల్లలను సంచిలో మోయు జంతువులకు సంక్రమించినది. మన కొక్కు శాస్త్రనామమున మాత్రము ‘బాండికోటా’ యను ప్రజాతిగా, 1873లో గ్రే పండితుని చేత, నిలిచినది. పదము ఎరువు పోవునపుడు సమాసత్వమును కోల్పోవును. ఆ నష్టమే దానికి క్రొత్త అర్థములను గ్రహించు స్వేచ్ఛ నిచ్చును. కావున ఎరువుపదములను పరిశోధించువారు మూలపదమును చూపుటతో నిలువక, దాని అవయవములు ఎచ్చట చెదరెనో కూడ నిరూపింపవలెను.