గటక తాగరు, తింటారు

ఈమధ్య తెలంగాణ వంటల మీద ఏ వ్యాసం చదివినా, ఏ మెనూ కార్డు తిరగేసినా 'మక్క గటక' పక్కన ఒకటే అర్థం కనపడుతోంది: మొక్కజొన్న జావ. ఇంగ్లీషులో అయితే కార్న్ పారిజ్. కథల పుస్తకాల్లోనూ అంతే. గటక మీద ఒక చుక్క పెట్టి, పేజీ అడుగున 'జావ' అనో 'సంకటి' అనో రాసి వదిలేస్తారు. పాఠకుడికి సాయం చేద్దామనే చేస్తారు, కాదనను. కానీ ఆ అర్థం తప్పు, ఆ తప్పు వల్ల కథలో ఒక వాక్యం మొత్తం చచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఒక చిన్న పరీక్ష పెడదాం. కథలో ఒక ముసలామె ఇలా అంటుందనుకోండి: "గటకకు నూకలు లేకుంటే అంబలి తాగి పండుకున్నం." (ఇది ఏ కథలోదీ కాదు, పరీక్ష కోసం నేను రాసిందే.) ఇప్పుడు రెండు మాటలకీ ఫుట్‌నోట్ అర్థం వేసి చదవండి. "జావకు నూకలు లేకుంటే జావ తాగి పడుకున్నాం." పాపం, ముసలామెకి మతి పోయిందనుకుంటాం. నిజానికి ఆమె లెక్క చాలా స్పష్టంగా ఉంది. పొట్ట నిండే తిండి దొరకలేదు, పొట్టని కాసేపు మభ్యపెట్టేది దొరికింది. అదీ ఆ రాత్రి కథ.

ఈ తేడా విసుర్రాయి దగ్గరే మొదలవుతుంది. జొన్నలో మక్కలో బరకగా విసిరి జల్లెడ పడితే రెండు సరుకులు వస్తాయి. కిందికి దిగిన పిండి రొట్టెకీ అంబలికీ పోతుంది. జల్లెడలో నిలిచిన నూక గటకకి. ఎసరు పెట్టి, నూక పోసి, అడుగంటకుండా తెడ్డుతో కలుపుతూ ఉడికిస్తే దగ్గరపడుతుంది. వేడిగా ఉంటే పప్పో పచ్చిపులుసో వేసుకుని తింటారు. మిగిలింది పొద్దున సద్ది. సల్ల, ఉల్లిగడ్డ ఉంటే చాలు. అంబలి దారి వేరు. పిండి కలిపి, చాలా ఇళ్లల్లో పులియబెట్టి, పల్చగా కాచి, గిన్నెతో తాగేస్తారు.

క్రియలు చూడండి, అసలు సాక్ష్యం అక్కడుంది. జావ కాస్తారు, గంజి కాస్తారు, అంబలి కాస్తారు. నల్లగొండ వైపు మా ఇళ్లల్లో నేను విన్నంత వరకూ గటక 'వండుతరు'. అన్నంతో కలిసి ఒకే వరసలో కూచునే మాట అది. 'గటగటా తాగేది కాబట్టి గటక' అని వాట్సాప్‌లో తిరిగే వ్యుత్పత్తి కూడా ఇక్కడే కూలిపోతుంది. గటగటా తాగితే గొంతుకడ్డం పడుతుంది, ఒకసారి ప్రయత్నించి చూడండి.

అంటే గటక అనేది గింజ పేరు కాదు, నలగ్గొట్టిన తీరుకీ వండిన తీరుకీ పేరు. గింజ ముందు విశేషణంగా వచ్చి చేరుతుంది: జొన్న గటక, సజ్జ గటక, మక్క గటక. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే గటక ఒక ఇంటర్‌ఫేస్, ఏ గింజ వచ్చి ఇంప్లిమెంట్ చేసినా దానికి పట్టింపు లేదు.

మక్క కొత్తగా వచ్చిన చుట్టం. మెక్సికోలో పుట్టి, 1492 తర్వాత సముద్రాలు దాటిన పంట. (సోమనాథపురం గుడి శిల్పాల చేతుల్లో ఉన్నవి మక్క కంకులేనని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన నాకు ఎక్కలేదు.) కొత్త గింజకి మనవాళ్లు పాత గింజ ఇంటిపేరే ఇచ్చి మక్కజొన్న అన్నారు. ఇటలీలోనూ ఇలాగే జరిగింది. పోలెంటా రోమన్ల కాలంలో బార్లీతో చేసేది. తర్వాత మక్కలొచ్చి ఆ గిన్నెలో కూచున్నాయి, పేరు మాత్రం మారలేదు. ఆ మక్కలని వాళ్లు గ్రానోతుర్కో అన్నారు, టర్కీ ధాన్యం అని. ఎక్కడినుంచో వచ్చిందని అందరికీ తెలుసు, ఎక్కడినుంచో మాత్రం ఎవరికీ సరిగ్గా పట్టలేదు.

పోలెంటాని ఇప్పుడు ఖరీదైన హోటళ్లలో వడ్డిస్తున్నారు. కానీ ఉత్తర ఇటలీ పేదలు అదొక్కటే తిని పెల్లాగ్రాతో చచ్చిపోయిన చరిత్ర కూడా దానికుంది. మనకీ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకి చెందిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో 'లాన్సెట్'లో పెల్లాగ్రా మీద ఒక పేపర్ రాశారు. జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో ఆ జబ్బు ఎందుకొస్తుందన్నది వాళ్ల ప్రశ్న, జొన్నలోని ల్యూసిన్ కారణం కావచ్చన్నది వాళ్ల ప్రతిపాదన. అందుకే గటకని 'మన పూర్వీకుల సూపర్‌ఫుడ్' అన్నప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 'జావ' అనే అర్థం ఆకలి మెట్లని చెరిపేస్తే, 'సూపర్‌ఫుడ్' ఆకలినే చెరిపేస్తుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఈ రెండోది మరీ పెరిగింది. మా హయత్‌నగర్‌లో విజయవాడ హైవే పక్కన ఎండాకాలం రాగానే అంబలి బండ్లు దిగుతాయి. గటక బండి మాత్రం నాకు ఇప్పటిదాకా తగల్లేదు. కారణం మళ్లీ క్రియే. నిలబడి తాగొచ్చు. గటక తినాలంటే కూచోవాలి, పక్కన ఒక కూర ఉండాలి. మెట్టపంటల మీద పనిచేసే క్రీడా సంస్థ పరిశోధనా క్షేత్రం కూడా ఇదే హయత్‌నగర్‌లో ఉంది. గింజకి ఒక సంస్థ ఉంది, బాగానే ఉంది. నూక గురించి పట్టించుకోవాల్సింది సాహిత్యం వాళ్లే.

పాతవాళ్లు పట్టించుకున్నారు కూడా. పల్నాటి జొన్నల మీద శ్రీనాథుడి పేరుతో తిరిగే చాటువులో కలి, అంబలి, అన్నం వేరువేరుగా లెక్కకొస్తాయి, మూడూ జొన్నవే అయినా. ఇలాంటి చాటువుల్నీ కావ్యాల్నీ జల్లించి జనం ఏం తిన్నారో పట్టుకునే పని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో చేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఊళ్లో పనిచేసేవాళ్ల నోట ఉన్న మాటకి విలువ ఉంది, దాన్ని పుస్తక భాషలోకి దిద్దకుండా అలాగే ఎక్కించాలి.

మరి కథలో గటక ఎంత పని చేస్తుందో తెలియాలంటే దాని ఎదురుగా అన్నం పెట్టి చూడాలి. సంస్కృతంలో అన్నం అంటే ఏ తిండైనా. చాటువులో జొన్నన్నం అనే మాట ఇబ్బంది లేకుండా నిలబడిందంటే అందుకే. ఇప్పుడు అన్నం అంటే వరి ఒక్కటే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చాక, పండగ తిండి రోజూ తిండి అయిన ఇళ్లు ఎన్నో. దాని తర్వాతి కాలపు కథలో ఒక మనిషి గటక తింటున్నాడంటే అది ఇష్టమో, రేషన్ కార్డు లేకపోవడమో, పాత అలవాటో అయివుంటుంది. ముందటి కాలపు కథలో అయితే మామూలు మధ్యాహ్నం. రచయిత ఒక్క మాటతో చెప్పిన కాలాన్ని ఫుట్‌నోట్ ఒక్క మాటతో తీసేస్తోంది.

అలాగని అర్థం ఇవ్వడం మానేయమని నేననను. సిటీలో పుట్టినవాళ్లకి ఈ మాట తెలియకపోవడం నేరం కాదు. నా ఫోన్ కీబోర్డుకీ తెలియదు, గట్క అని కొడితే గుట్కా అని దిద్దుతుంది. నన్ను రాయమంటే ఇలా రాస్తాను: పిండి జల్లించగా మిగిలిన జొన్న లేదా మక్క నూకతో వండేది, సల్లతోనో పప్పుతోనో తింటారు. పదకొండు మాటలు. పేజీ అడుగున హాయిగా పడతాయి.