పెరట్లో దీపం, పుస్తకంలో పద్దు

తొలకరి పడిన సాయంత్రం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉసిళ్లు లేస్తాయి. పుట్టల్లోంచి, గోడ పగుళ్లలోంచి రెక్కలతో బయటపడి కనిపించిన దీపానికల్లా ఎగబడతాయి. అలవాటున్న ఇళ్లలో ఒక్క దీపం ఉంచి మిగతావన్నీ ఆర్పేస్తారు. దాని కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోస్తారు. కాసేపట్లో పళ్లెం నిండిపోతుంది. రెక్కలు చెరిగేసి, పెనం మీద వేయించి, వేపిన బియ్యంతో కలిపి తినడం ఈ వైపు పాత అలవాటే.

పొలంలో ఇదే ఏర్పాటుకు దీపపు ఎర అని పేరు. వరిచేను గట్టున కర్రలు నాటి, వాటి మధ్య బల్బు వేలాడదీసి, కింద కిరోసిన్ చుక్కలు కలిపిన నీళ్ల బేసిన్ పెడతారు. మొగి పురుగు, ఆకుముడత పురుగుల తల్లులు అందులో పడతాయి. తెల్లారాక ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, మందు కొట్టే అవసరం వచ్చిందో లేదో తేల్చుకుంటారు.

ఈ ఏర్పాటులోంచి నీళ్లు తీసేసి, వాటి బదులు ఒక తెల్ల పంచె కట్టి చూడాలి. పురుగు చావదు. బట్ట మీద వాలుతుంది, నిలకడగా కూర్చుంటుంది, కనిపిస్తుంది. దాని రంగు, రెక్క మీది గీత, తల మీది మీసం తీరిగ్గా చూసి, ఫొటో తీసి, పుస్తకంలో రాసుకుని వదిలేయవచ్చు. ప్రపంచమంతటా పెరటి తోటల్లో వేలమంది చేస్తున్న శలభాల నమోదు ఇదే. దీపం పెట్టి పురుగును రప్పించే విద్య ఉత్తరాంధ్రకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. నేర్చుకోవలసింది ఆ తరవాతి పని, అంటే చూడటం, పోల్చుకోవడం, రాసిపెట్టడం.

రాత్రి ఎగిరే ఈ రెక్కల పురుగులను పుస్తకాల్లో శలభాలు, చిమ్మటలు అంటారు. ఊళ్లో దీపపు పురుగులంటే చాలు. రైతుల మాటలో ఎగిరేది ‘తల్లి పురుగు’, పాకేది ‘లద్దె పురుగు’ లేదా ‘గొంగళి పురుగు’. మొగి పురుగు, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, మొక్కజొన్న మీదికి కొత్తగా వచ్చిన కత్తెర పురుగు, ఈ పేర్లన్నీ నష్టాన్ని బట్టి పెట్టినవే. పగటివాటికి సీతాకోకచిలుక అని ముద్దు పేరు పెట్టిన భాష రాత్రివాటిలో గాదెలో ధాన్యం తినే దానికి మాత్రం ‘వడ్ల చిలక’ అనే మంచి పేరు ఇచ్చింది. మిగతావి పురుగులుగానే ఉండిపోయాయి. మన దేశంలో సీతాకోకచిలుకలు సుమారు 1,300 రకాలైతే శలభాలు 10,000 రకాలకు పైనే. వాటిలో పంటకు కీడు చేసేవి కొద్ది పాలే. ఆ కొద్దివాటికే పేర్లున్నాయి, మిగిలినవాటి ముఖమే మనం చూడలేదు.

చూడాలంటే కావలసిన సరంజామా తక్కువ. ఉతికిన తెల్ల పంచె లేదా దుప్పటి, రెండు వెదుళ్లు, ఒక దీపం. బట్టను తెరలా నిలువుగా కట్టి, అడుగు భాగాన్ని నేల మీద కొంత పరచాలి, ఎందుకంటే బరువైన పురుగులు వచ్చి కిందే పడతాయి. దీపాల్లో అతినీలలోహిత (యూవీ) కాంతి ఎక్కువగా ఇచ్చేవాటికి పురుగులు బాగా వస్తాయి. ఒకప్పుడు 160 వాట్ల మెర్క్యురీ బల్బు వాడేవారు. ఇప్పుడు పవర్ బ్యాంకుతో వెలిగే చిన్న యూవీ ఎల్‌ఈడీలు దొరుకుతున్నాయి. ఏదీ లేకపోతే తెల్లటి సీఎఫ్‌ఎల్ బల్బైనా పనికొస్తుంది. పసుపు వెలుగు బల్బుకు మాత్రం అంతగా రావు. యూవీ దీపం వైపు సూటిగా చూడకూడదు. వానాకాలం గనుక ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి గడ్డి మీద పెట్టకుండా స్టూలు మీద ఉంచాలి. గట్టు మీద, ఆకుల కుప్పల్లో రక్తపింజర తిరిగే కాలమది, కాబట్టి చేతిలో టార్చి, కాలికి బూట్లు తప్పనిసరి.

రాత్రిని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పున్నమి వెన్నెల్లో దీపానికి ఆకర్షణ తగ్గుతుంది, అమావాస్య ముందూ వెనకా రాత్రులు మంచివి. గాలి ఆగి, మబ్బు పట్టి, ఉక్కపోస్తున్న రాత్రి అయితే బట్ట నిండిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తెరను ఇంటి గోడ చాటున కట్టుకోవాలి. చిన్న రకాలు చీకటి పడగానే వస్తాయి, పెద్ద రెక్కలవి చాలావరకు అర్ధరాత్రి దాటాకే. అందుకే ఎనిమిదింటికి దీపం ఆర్పేసినవారికి, రెండింటిదాకా కూర్చున్నవారికి దొరికే జాబితాలు వేరు.

పురుగు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతుందన్న ప్రశ్నకు చాలాకాలం చంద్రుణ్ణి చూపించేవారు. వెన్నెలను బట్టి దారి పట్టే పురుగు బల్బును చంద్రుడనుకుని తికమకపడుతుందని చెప్పేవారు. 2024 జనవరిలో సామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధిల బృందం నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో మరో సంగతి చెప్పింది. వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో చూస్తే పురుగులు దీపం వైపు దూకడం లేదు, దీపం వైపు వీపు తిప్పుతున్నాయి. రాత్రి కూడా నేలకంటే ఆకాశమే వెలుగు. వెలుగున్న వైపు వీపు పెట్టుకుంటే పురుగు తలకిందులు కాకుండా ఎగరగలదు. పక్కనుంచి బల్బు వెలిగితే ఆ లెక్క తప్పి గిరగిరా తిరుగుతుంది, బల్బు పైకి వెళితే వెల్లకిలా తిరగబడి పడిపోతుంది. తెర దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడితే ఈ తిరగబడటం ఎవరి కంటికైనా కనిపిస్తుంది.

రాత్రంతా మేలుకోలేనివారికి పెట్టె పద్ధతి ఉంది. బకెట్టు మీద గరాటు, గరాటు మీద దీపం, లోపల కోడిగుడ్ల అట్టలు. దీపానికి వచ్చినవి గరాటులోంచి జారి, అట్టల గుంటల్లో దాక్కుని తెల్లారేదాకా కదలకుండా కూర్చుంటాయి. 1950లో ఇంగ్లండ్‌లో రాబిన్సన్ పేరుతో వచ్చిన పెట్టె, 1965లో హీత్ పేరుతో వచ్చినది ఈ ఊహకు పాత రూపాలే. దీపం అక్కర్లేని దారి కూడా ఒకటుంది. బాగా మాగిన అరటిపండు, బెల్లం పాకం కలిపి చెట్టు మొదలుకు పూస్తే, దీపానికి అంతగా రాని పెద్ద రకాలు కొన్ని వాసనకు వస్తాయి. పళ్లకు తొండంతో కన్నం పొడిచి రసం పీల్చే నారింజ రంగు వెనక రెక్కల శలభాలు వీటిలోవే. వాటి పిల్లలు తిప్పతీగ ఆకు తిని పెరుగుతాయి. పనసపళ్లు నేలరాలి మాగే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో ఈ పాకం కూడా దండగే.

తెల్లవారుజామున చేయాల్సింది మరో పని. ఏట్రింతలు, పిట్టలు దీపం ఎక్కడ వెలిగిందో రెండో రోజుకే కనిపెట్టేస్తాయి, గోడ మీది బల్లులైతే మొదటి రాత్రే. వెలుతురు రాకముందే తెర దులిపి, పెట్టెలోని అట్టలను దట్టమైన పొదల నీడలో ఉంచాలి. చూడటానికని రప్పించినవాటిని పిట్టలకు వడ్డించడం అన్యాయం. ఒకే చోట రాత్రి తరవాత రాత్రి దీపం పెట్టకుండా మధ్యలో కొన్ని రోజులు విడిచిపెట్టడం కూడా ఇందుకే.

దీపం లేకుండా పగటిపూట దొరికేవి అంతకంటే ఎక్కువ చెబుతాయి. ఉత్తరాంధ్రలో నందివర్ధనం లేని పెరడు అరుదు. ఆ చెట్టు కింద గచ్చు మీద మిరియాలంత, గాళ్లు పడిన నల్లటి గుళికలు కనిపిస్తే అవి లద్దెలు. పైకి చూస్తే ఆకులు ఈనెల దాకా కొరికేసి ఉంటాయి. అయినా పురుగు చప్పున కనబడదు, ఆకు రంగులోనే ఉంటుంది. కొమ్మను చేత్తో తాకగానే తల లోపలికి లాక్కుని, మెడ భాగం ఉబ్బించి, రెండు పెద్ద నీలి కళ్లు తెరుస్తుంది. అవి కళ్లు కావు, నల్లటి అంచున్న మచ్చలు. పిట్టను బెదరగొట్టడానికి అంతకంటే అక్కర్లేదు. నిండా పెరిగి ఏడెనిమిది సెంటీమీటర్లు వచ్చాక పచ్చదనం పోయి మట్టి రంగుకు తిరుగుతుంది, కిందికి దిగి ఎండుటాకుల మధ్య గూడు కడుతుంది. దాన్ని ఆకులతో సహా డబ్బాలో ఉంచి మూతికి పల్చటి గుడ్డ కడితే, సుమారు రెండు వారాల్లో ఆకుపచ్చ, గులాబీ, తెలుపు కలిసి పాలరాతి మీది చారల్లా ఉన్న రెక్కలతో గన్నేరు శలభం బయటికొస్తుంది. 1758లో లిన్నేయస్ వర్ణించిన, ఇప్పుడు డాఫ్నిస్ నెరియై అని పిలిచే జాతి ఇదే. నందివర్ధనం మీద ‘పచ్చ పురుగు’ అని కర్రతో రాల్చి పారేసేది కూడా దీన్నే.

మునగ చెట్టు మాను మీద గుంపుగా పట్టే గొంగళ్లు, చామ ఆకు కింద దాక్కునే కొమ్ము పురుగు, నువ్వు చేలో కనిపించే బొటనవేలంత లావు పురుగు, గోడ మీద ఇసుక రేణువులతో కట్టిన గూటిని ఈడ్చుకుంటూ పాకే చిన్న ప్రాణి, ఇవన్నీ శలభాల పిల్లలే. నువ్వు మీది పురుగు పెద్దయ్యాక దాని వీపు మీద పుర్రె లాంటి గుర్తు ఉంటుంది. పట్టుకుంటే కీచుమంటుంది, తేనెపట్టులో దూరి తేనె తాగుతుంది. అపశకునమని భయపడేవారున్నారు గానీ అది మనిషినేమీ చేయదు. మునగ మీది గొంగళ్లతో మాత్రం జాగ్రత్త, నూగు తగిలితే దురద తప్పదు.

పోల్చుకోవడం మీసాలతో మొదలవుతుంది. సీతాకోకచిలుక మీసం చివర గుండుసూది తలలా ఉబ్బి ఉంటుంది. శలభం మీసం దారంలా సన్నగానో, ఈకలా కుచ్చుగానో ఉంటుంది. తరవాత కూర్చునే తీరు చూడాలి. రెక్కలను పల్లంగా పరచి గోడకు అంటుకునేవి, ఇంటి కప్పులా వాల్చేవి, జెట్ విమానంలా వెనక్కి మడిచేవి వేరువేరు కుటుంబాలు. ముందు రెక్క మీద మూత్రపిండం ఆకారపు మచ్చ ఉందా, అడ్డగీత నేరుగా ఉందా వంకరగా ఉందా అన్నవి ఆ తరవాత. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పక్కన చిన్న స్కేలు పెట్టి ఒకటి, ఇలా కనీసం మూడు ఫొటోలు తీయాలి. 1892 నుంచి 1896 వరకు జార్జి హాంప్సన్ నాలుగు సంపుటాల్లో రాసిన భారతీయ శలభాల గ్రంథం ఇప్పటికీ పండితులకు ఆధారమే. కొత్తవారికి ‘మాత్స్ ఆఫ్ ఇండియా’, ‘ఐనాచురలిస్ట్’ వెబ్‌సైట్లు సులువు. ఫొటో పెడితే తెలిసినవారు పేరు సూచిస్తారు. కొన్ని జంట రకాలను కోసి పరీక్షిస్తే తప్ప విడదీయలేరు. అలాంటప్పుడు కుటుంబం పేరు దగ్గరే ఆగిపోవడం నిజాయతీ.

తేదీ, చోటు, దీపం రకం, వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, చంద్రుడు, గాలి, వాన, వచ్చిన రకాలు, ఒక్కొక్కటి ఎన్ని, ఇంతే పద్దు. పక్కన మరో గడి గీసుకుని ఊళ్లో దాన్ని ఏమంటారో రాయడం మంచిది. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల మధ్య కూర్చుని వాళ్ల మాటలను ఒక్కొక్కటిగా ఎత్తిరాసుకున్నారు. 1931లో సవర భాషా గ్రంథం, 1938లో సవర నిఘంటువు వచ్చింది అలాంటి ఓపిక వల్లనే. సీతంపేట కొండల్లో పురుగుల పేర్లు రాసుకోవడానికీ అదే ఓపిక చాలు. ఇక కాలం లెక్క మన పెద్దలకు తెలియనిది కాదు. ఎర్రటి మఖమలు పురుగు కనిపించే రోజులను బట్టి దానికి ఆరుద్ర పురుగు అని కార్తె పేరే పెట్టారు.

పద్దు ఏళ్లపాటు సాగితే ఏం తేలుతుందో బ్రిటన్‌లో చూడవచ్చు. 1968 నుంచి 2017 దాకా దీపపు ఎరల లెక్కలు కూడితే అక్కడి పెద్ద శలభాల సంఖ్య 33 శాతం పడిపోయింది. శలభాలు తగ్గితే పిల్లలకు గొంగళ్లు ఏరి తెచ్చే పిట్టలకు, గబ్బిలాలకు తిండి తగ్గుతుంది. రాత్రి పూసే చంద్రకాంతకు, కాడమల్లెకు, పెరట్లో బొప్పాయికి పుప్పొడి మోసేవి తగ్గుతాయి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. పడిన చెట్లను పరిహారం కోసం లెక్కించారు. ఆ తోటల రాత్రి ప్రాణుల్లో ఏవి పోయాయో, ఏవి తిరిగొచ్చాయో చెప్పాలంటే మాత్రం తుపానుకు ముందటి పద్దు కావాలి. తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలను కళ్లల్లో పెట్టుకుని చూసుకునే శ్రీకాకుళం జిల్లాలో ఈ లెక్కా మొదలవ్వాలి.

2012 నుంచి ఏటా జూలై చివరి నిండు వారాన్ని జాతీయ శలభాల వారంగా జరుపుతున్నారు. అమెరికాలో మొదలైన ఈ వారంలో మన దేశమూ పాల్గొంటుంది. మనకు అది పుష్యమి కార్తె, వానలు కుదురుకున్న కాలం. ఆ వారం ఒక్క రాత్రి తెర కట్టేవారికి ఒక మనవి. పుస్తకంలో జిల్లా పేరుతో సరిపెట్టకండి, జిల్లాల హద్దులు మారుతుంటాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరంలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఊరి పేరు, మండలం పేరు, పెరట్లో దీపం పెట్టిన చోటు రాయండి.