కళ్ళు బైర్లు కమ్మితే కేస్ షీట్లో ఏమని రాస్తారు?

హెర్బర్ట్ ఫ్రెంచ్ సంపాదకత్వంలో 1912లో ఇంగ్లండులో ఒక లావుపాటి వైద్యగ్రంథం వచ్చింది. ముఖ్యమైన రోగలక్షణాల డిఫరెన్షియల్ డయాగ్నోసిస్‌కి అది ఒక అకారాది సూచిక. తరువాతి తరాల వాళ్ళు తిరగరాస్తూ రావడంతో ఎన్నో ముద్రణలు పొందింది. దీన్ని ఎం.ఏ. తెలుగు విద్యార్థినులకు విమర్శ పాఠంలో భాగంగా చెబుదామని నేనంటే డిపార్టుమెంటులో నవ్వారు. నవ్వితే నవ్వారు. మామూలు వైద్య పుస్తకాల్లో రోగమే కథానాయకుడు. టైఫాయిడ్ అని శీర్షిక పెట్టి, అది ఎలా వస్తుందో, ఏమేం చేస్తుందో వర్ణిస్తారు. మనిషి ఆ కథ జరిగే చోటు మాత్రమే. ఈ పుస్తకం ఆ వరసను తిరగేసింది. నొప్పి, దగ్గు, వాపు, నీరసం, ఇలా బాధపడే మనిషి చెప్పే మాటతో మొదలై, దాని వెనక ఏమేం ఉండవచ్చో వెతుక్కుంటూ పోతుంది. ఒక మాటకు పది అర్థాలుండవచ్చని ఒప్పుకుని మొదలయ్యే పుస్తకం మనకెందుకు పరాయిదవుతుంది?

డిఫరెన్షియల్ డయాగ్నోసిస్ అంటే వింత విద్య ఏమీ కాదు. ఒక బాధకు ఉండగల కారణాలన్నీ వరసగా రాసుకోవడం, ప్రశ్నలతో, పరీక్షలతో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ రావడం. తరచుగా కనిపించేవి ముందు చూడాలి. అరుదైనవే అయినా ప్రాణం తీసేవాటిని మాత్రం మరవకూడదు. మిగిలినదాని మీద కూడా అనుమానం చావకూడదు.

స్త్రీవాద విమర్శ వైద్యాన్ని ఎక్కువగా నిందితుల బోనులోనే నిలబెట్టింది. కారణాలున్నాయి. షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ 1887లో వియర్ మిచెల్ అనే పేరున్న నరాల వైద్యుడి దగ్గర 'విశ్రాంతి చికిత్స' పొంది, రాయకూడదు, చదవకూడదు అనే ఆంక్షల్లో మతి తప్పే దాకా వెళ్ళి, 1892లో 'ఎల్లో వాల్‌పేపర్' కథ అచ్చు వేయించింది. అందులో భర్తే వైద్యుడు. ఆ కథను మనం తరగతుల్లో చెప్పేటప్పుడు వైద్యదృష్టి స్త్రీని కేసుగా మార్చేసిందని అంటాం. నాకు మాత్రం ఆ భర్త చేసిన అన్యాయం వేరే చోట కనిపిస్తుంది. ఆమెను ఆయన పూర్తిగా కేసుగా కూడా చూడలేదు. ఒక్క ప్రశ్న అడగకుండా, ఇంకేమైనా కావచ్చుననే ఆలోచన లేకుండా, మొదటి నిమిషంలోనే 'కాస్త నరాల బలహీనత' అని తేల్చేశాడు. అతను వైద్యం ఎక్కువై కాదు, తక్కువై చెడ్డాడు. ఈ మాటతో చాలామంది మిత్రులు ఏకీభవించరని తెలుసు.

మా అక్క కూతురు ఎం.బి.బి.ఎస్. ఆఖరి సంవత్సరంలో ఉంది. ప్రాక్టికల్స్ ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి రోగిని చేసింది. "ఏమిటమ్మా బాధ?" అని గంభీరంగా అడిగింది. నీరసం అన్నాను. "ఎన్నాళ్ళ నుంచి?" నువ్వు పుట్టక ముందు నుంచి అన్నాను. "పిన్నీ, సరిగ్గా చెప్పు" అని కసిరి మళ్ళీ మొదలెట్టింది. నెలసరిలో ఎక్కువ పోతోందా, ఎన్ని రోజులు? చలి తట్టుకోలేకపోతున్నావా? బరువు పెరిగావా, తగ్గావా? సాయంత్రాలు జ్వరం, దగ్గు? దాహం, మాటిమాటికీ మూత్రం? ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా? ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో జబ్బు నక్కి ఉందని తరువాత చెప్పింది: రక్తహీనత, థైరాయిడ్, క్షయ, చక్కెర, డిప్రెషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది కాబట్టి అది వరసలో ముందుండాలట. నా నీరసాన్ని ఇంత సీరియస్‌గా ఎవరూ విచారించలేదు. ఆట కోసమే అయినా గొంతు పట్టుకుంది.

కానీ ఒక్కచోట ఆగాను. నిద్ర పడుతుందా అని అడిగింది. పడుతుంది. పోనివ్వరు. ఈ రెంటికీ తేడా రాసుకోవడానికి దాని కాగితంలో గడి లేదు.

భాష దగ్గర ఇంకాస్త నిలబడాలి. ఇంగ్లీషులో 'గిడ్డీనెస్' అనే ఒక్క మాట కింద పడిపోయేవాటికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. తల తిరుగుతోంది. కళ్ళు తిరిగాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. తూలుతున్నాను. గాబరాగా ఉంది. ఏదోలా ఉంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు వీటిని ఒకదాని బదులు ఒకటి వాడరు. గది గిర్రున తిరిగితే తల తిరగడం. లేచి నిలబడగానే చీకట్లు ముసిరితే బైర్లు కమ్మడం. నడకలో పట్టు తప్పితే తూలడం. 1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే ఇద్దరు ఈ బాధను నాలుగు రకాలుగా విడదీశారు. చుట్టూ తిరిగినట్టుండడం, స్పృహ తప్పబోతున్నట్టుండడం, నిలకడ తప్పడం, ఇవేవీ కాని తేలికదనం. వైద్య విద్యార్థులు దశాబ్దాలుగా దీన్నే వల్లిస్తున్నారు. మొదటిదైతే చెవి లోపల వెతకాలి, రెండోదైతే రక్తం, బి.పి., గుండె. మా అమ్మమ్మకు ఆ విభజన ముందే తెలుసు, పేపరు ప్రచురించలేదంతే. ఇంత వివరంగా చెప్పిన మాటను ఓపీ చీటీ మీద 'గిడ్డీనెస్' అని ఒక్క పదంగా దించినప్పుడు పోయింది యాస మాత్రమే కాదు, సాక్ష్యం కూడా.

ఇక్కడే సంబరపడి ఆగిపోవచ్చు. స్త్రీల నుడికారం గొప్పది, వైద్యం దాన్ని చెరిపేసింది అని వ్యాసం ముగించవచ్చు. మన పత్రికల్లో అలా ముగిసినవి చాలా చదివాం. కానీ తరువాతి పరిశోధనలు ఈ పద్ధతినే తప్పుపట్టాయి. అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్ళనే కాసేపాగి మళ్ళీ అడిగితే తల తిరుగుడు గురించి వేరే మాట చెప్పారని 2007లో న్యూమన్-టోకర్ బృందం చూపించింది. అందుకని ఇప్పుడు 'ఎలా ఉంది' అన్నదానికన్నా 'ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, ఏం చేస్తుంటే వస్తుంది' అన్న ప్రశ్నలకు విలువెక్కువ. నాకు ఈ మార్పు చాలా నచ్చింది. ఏం చేస్తుంటే అని అడిగిన క్షణాన ఇంటిచాకిరీ మొత్తం కేస్ షీట్లోకి నడిచి వస్తుంది. అటక మీది డబ్బా కోసం తలెత్తితే, వంగి ముగ్గేసి లేస్తే, పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే అర నిమిషం గిర్రున తిరిగి ఆగిపోతుందంటే, చెవి లోపలి సన్నటి రేణువులు చోటు తప్పి ఉండవచ్చు. ఇది మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. డాక్టరు తలను ఒక క్రమంలో తిప్పి పడుకోబెడితే చాలాసార్లు ఒకటి రెండు విడతల్లో పోతుంది. ఆ ప్రశ్న అడగక ఏళ్ళ తరబడి తల తిరుగుడు మాత్రలు మింగుతున్న వాళ్ళు నాకే ముగ్గురు తెలుసు.

జాబితాను చదివేటప్పుడు అందులో ఏమున్నాయన్నది సగమే. ఏ వరసలో ఉన్నాయన్నది మిగతా సగం. 'మానసికం' అన్నది నియమం ప్రకారం తొందరపడి రాయకూడనిది. ఆడమనిషి ఎదురుగా కూర్చుంటే అది పైకి పాకుతుంది. గర్భాశయానికి గ్రీకు పేరు నుంచి పుట్టిన హిస్టీరియా అనే మాట వందల ఏళ్ళు ఈ పనే చేసింది. లండన్‌లో ఎలియట్ స్లేటర్ ఆ ముద్ర పడిన 85 మందిని ఏళ్ళ తరువాత వెతికి చూసి, చాలామందిలో వేరే జబ్బులు బయటపడ్డాయని 1965లో రాశాడు. హిస్టీరియా అన్న నిర్ధారణ మన అజ్ఞానానికి ముసుగని తేల్చాడు. అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ 1980లో ఆ పేరును వదిలేసింది. 1970ల తరువాత ఇలాంటి పొరపాట్లు బాగా తగ్గి 4 శాతం దగ్గర నిలిచాయని 2005 నాటి ఒక సమీక్ష చెప్పింది. ఆ సంగతి కూడా మనం చెప్పుకోవాలి. ఛాతీనొప్పి విషయంలో ఇంకో మాట చాలాకాలం రాజ్యమేలింది: 'ఎటిపికల్'. పాఠంలో ఉన్నట్టు లేని నొప్పి అని అర్థం. పాఠంలో ఉన్న నొప్పి ఎవరిది? 2021లో అమెరికన్ గుండె వైద్యసంఘాల మార్గదర్శకాలు ఆ మాట వాడొద్దన్నాయి. మన వీధిలో దాని తెలుగు మాత్రం 'గ్యాస్', అది ఇంకా క్షేమంగా ఉంది. పిత్తాశయంలో రాళ్ళకు విద్యార్థులు బట్టీ పట్టే నాలుగు 'ఎఫ్'ల సూత్రమైతే (లావు, నలభై, పిల్లల తల్లి, ఆడది) నేరుగా బూతు జోకులా ఉంటుంది. పనికొస్తుంది కూడా, అదే చిరాకు.

ఇక అసలు దగ్గరికి వస్తాను. మా చిన్న మేనత్త ఇనప్పెట్టెలో ఒక చీటీ ఉంది. ఆమె మిరప కోతలకు వెళ్ళే మనిషి. ముప్ఫై ఒకటో ఏట ఒక నర్సింగ్ హోమ్‌లో రాసిన చీటీ అది. నాలుగే ముక్కలు: తెల్లబట్ట, నడుము నొప్పి, నీరసం, గర్భసంచి తీయవలెను. నేను చదివిన వైద్యపాఠాల్లో అతి చిన్నది ఇదే. మూడో మాటకూ నాలుగో మాటకూ మధ్య ఒక్క 'లేదా' లేదు. సూక్ష్మజీవుల వల్లనా, ఫంగస్ వల్లనా, గర్భాశయ ముఖద్వారంలో పుండా, రోజంతా వంగి కాయలు కోయడం వల్ల వచ్చిన నడుము నొప్పా, రక్తం తక్కువా, దిగులా? తెల్లబట్టకు వీటిలో చాలావాటికి కొద్ది రోజుల మాత్రలు చాలు. కొంత తెల్లబట్ట అసలు జబ్బే కాదు. అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు పదేళ్ళ తరువాత స్కానింగ్‌లో తెలిసింది.

ఆమె ఒక్కతే కాదు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశవ్యాప్తంగా తీయించుకున్న వాళ్ళ మధ్యస్థ వయసు 34. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

తెల్లబట్ట అన్న మాటను ఎలా చదవాలన్న దాని మీద మన దేశంలోనే రెండు పెద్ద అధ్యయనాలున్నాయి. గడ్చిరోలిలో రాణీ బంగ్ బృందం 1989లో ప్రచురించిన అధ్యయనంలో 650 మందిని పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష చేయించుకున్న వాళ్ళు 8 శాతమే. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2005లో ఇంకో సంగతి చెప్పింది. తెల్లబట్ట అవుతోందని చెప్పడానికీ ఇన్‌ఫెక్షన్‌కీ సంబంధం బలహీనం, మనోవేదనతో సంబంధం బలం. పైకి ఇవి కొట్టుకుంటున్నట్టుంటాయి. నాకలా అనిపించదు. చెప్పకుండా దాచుకున్న జబ్బులున్నాయి, జబ్బు పేరుతో చెప్పుకున్న బాధలున్నాయి. ఆడమనిషికి ఆస్పత్రి గుమ్మం ఎక్కడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకునే కారణాలు నాలుగైదే. తెల్లబట్ట అందులో ఒకటి. ఈ రెండు చదువుల్లో దేన్ని నమ్మినా మరికొన్ని ప్రశ్నలు అడగాలనే వస్తుంది. గర్భసంచి తీయాలని ఏ దారినా రాదు. స్త్రీలే స్త్రీల కోసం రాసుకున్న 'సవాలక్ష సందేహాలు' పుస్తకం పేరులోనే ఈ పద్ధతి ఉంది.

జాబితాలో లేనివాటి మాట. ఎంత వెతికినా కారణం దొరకని దీర్ఘకాలపు నొప్పి, పొంతన కుదరని గాయాలు ఉన్నప్పుడు ఇంట్లో హింస గురించి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అలా అడగాలంటే ముందు ఆమె ఒంటరిగా ఉండాలి. మన ఓపీలో అత్తగారో భర్తో పక్కనే నిలబడి సమాధానాలు కూడా వాళ్ళే చెబుతారు. చూడడం సంగతీ అంతే. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఉంది. చిగ్గర్ అనే సన్న పురుగు కుట్టిన చోట నల్లటి పొక్కు కడుతుంది. అది కనబడితే అనుమానం దాదాపు తీరినట్టే, డాక్సీసైక్లిన్ మాత్రలతో ప్రాణం దక్కుతుంది. ఆడవాళ్ళలో ఆ పొక్కు తరచుగా రొమ్ముల కిందో, పొట్ట మీదో ఉంటుంది. తెర లేని గదిలో, చీర మీదనే స్టెతస్కోపు పెట్టి పంపేస్తే అది కనబడదు.

మా అక్క కూతురు తన నోట్సులో నీరసం కింద 'ఎన్నింటికి పడుకుంటారు, ఎవరు లేపుతారు' అని రెండు ప్రశ్నలు చేర్చుకుంది. వీటికి ప్రాక్టికల్స్‌లో మార్కులుంటాయా అని తరగతిలో అడిగిందట. లేవన్నారట.