రైలింజను పాఠంలో కనిపించని నీరు

ఆవిరియంత్రాన్ని గురించి మన పుస్తకాలలో వచ్చే పాఠాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. కెటిలు మూత ఎగరడం, 1769లో జేమ్సు వాట్ పేటెంటు పొందిన ప్రత్యేక కండెన్సరు, ఆపైన స్టీఫెన్‌సన్ రైలింజను. కథ చదవడానికి బాగానే ఉన్నది. కాని కండెన్సరు వెంటనే రైలింజను బొమ్మ చూసిన విద్యార్థి, ఆవిరి చల్లబడి తిరిగి బాయిలరులోకే చేరుతుందని అనుకొంటాడు. సాధారణ రైలింజనులో కండెన్సరే లేదు. పని ముగిసిన ఆవిరి పొగగొట్టం గుండా వెలికిపోతూ, పొయ్యిలోనికి గాలిని లాగి మంటను రాజేస్తుంది. ఆ చుక్‌చుక్ ధ్వని నీరు ఖర్చవుతున్న చప్పుడే! కిలో బొగ్గుకు ఆరేడు కిలోల నీరు ఆవిరవుతుంది. కనుకనే బండి బొగ్గుకంటె నీటికోసం ఎక్కువగా ఆగవలసి వచ్చేది. ఎడారివంటి కరూ ప్రాంతం కోసం దక్షిణాఫ్రికావారు 1953లో కండెన్సరు గల ఇంజనులను ప్రవేశపెట్టిన కారణమూ ఇదే.

ఈ సంగతి విడిచిపెట్టినందువల్ల స్టేషనులోని సామగ్రి విద్యార్థికి అర్థం కాకుండా పోతున్నది. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాలకు మీటరుగేజి మార్గం వచ్చింది. ఆ మెట్టనేల అడుగున ఉన్నది గ్రానైటు. నీరు నిలిచేది పైనున్న శిథిల శిలలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే. అటువంటి నేలలో బావి కొద్దికొద్దిగా ఊరుతుంది. ఇంజనుకో, అయిదు నిమిషాలలో పదివేల లీటర్లు నింపాలంటే సెకనుకు 33 లీటర్లు కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది ఎత్తయిన ట్యాంకు. పంపు గంటల తరబడి నింపినదానిని పట్టాల ప్రక్కనున్న స్తంభం నిమిషాలలో కుమ్మరిస్తుంది. నీటిమట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పీడనం. స్తంభం తలపై అటూ ఇటూ తిరిగే అడ్డగొట్టం, దాని చివర వేలాడే సంచి, క్రింద టెండరు మూత. పీడనపు పాఠానికి ఇంతకంటె మంచి బొమ్మ ఏది?

ఇంతకంటె పెద్ద లోపం రసాయనశాస్త్రంలో ఉన్నది. బాయిలరునుంచి నీరే ఆవిరై పోతుంది, కరగిన లవణాలు వెనుకనే మిగులుతాయి. కఠినజలమైతే గొట్టాలపై పెచ్చు కట్టి వేడిని అడ్డగిస్తాయి. అందుకే నీటిలో సోడా కలిపేవారు, లవణాలు పేరుకొన్న నీటిని అప్పుడప్పుడు వదలివేసేవారు. పాఠాలు దీనిని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. పొరుగునున్న నల్లగొండ విద్యార్థికి ఇది ఒక్క వాక్యంతో పోయేది కాదు. అక్కడ అనేక గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించి, పళ్ళను, ఎముకలను పాడుచేసింది. కాచిన నీరు మంచిదని బోధిస్తున్నాం. క్రిముల విషయంలో అది నిజమే. ఫ్లోరైడు మాత్రం కాచినందువల్ల పోదు, లీటరు నీరు అరలీటరయ్యేదాకా మరిగిస్తే దాని గాఢత ఇంచుమించు రెట్టింపవుతుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల దశకంలో పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు.

ఉప్పునీటిని గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి, చల్లార్చి, ముందు తీసి ఉంచిన నీటితో రుచి పోల్చడం ఏ పాఠశాలలోనైనా చేయదగిన పని. ఆవిరియంత్రపు పాఠం చివరి అభ్యాసాలలో దీనికి రెండు పంక్తుల చోటు చాలును.