కాశీయాత్ర చరిత్ర: ఒక విమర్శ

యాత్రాగ్రంథమును తూచుటకు మన ఆలంకారికులు త్రాసు నేదియు నీయలేదు. రసమేది, ధ్వని యేది యని వెదకబోయినచో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రలో మనకు దొరకునవి మజిలీల దూరములు, నీటి వసతులు, అంగళ్లలోని సరకులు, దారి మంచిచెడ్డలు. అందుచేతనే సంస్కృతము చదివికొన్నవారిలో పలువురు దీనిని చరిత్రకారులకు వదలివేసి, సాహిత్యపు బీరువాలో చోటీయరు. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము.

గ్రంథకర్త 1780 ప్రాంతమున జన్మించి, చిన్ననాటనే తండ్రిని గోలుపోయి, ఇంగ్లీషు నేర్చి, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి పని చేసినవారు. 1830 మే 18న బయలుదేరి తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరిరి. అటనుండి గయ, కలకత్తా, జగన్నాథములు చూచి, తూర్పుతీరము వెంట దిగివచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. పదునైదు నెలల పైచిలుకు ప్రయాణము. వెంట నూరుమందికి తక్కువ కాని పరివారము. ఈ దేశమునకు రైలుబండి రాకకు ఇరువది యేండ్లకు ముందుమాట. త్రోవ పొడుగునను వ్రాసిన దినచర్యను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతింపగా, పిళ్లగారు 1838లో దానిని అచ్చువేయించిరి.

త్రోవలోనే వ్రాసిన వ్రాతకు గల విలువ తెలియవలెనన్న, ఉత్తరసముద్రములను దాటిన లీఫ్ ఎరిక్సన్ కథను ప్రక్కన బెట్టి చూడవలెను. క్రీస్తుశకము 1000 ప్రాంతమున గ్రీన్‌లాండు నుండి ఓడ నడిపి అమెరికా ఖండపు తీరమును త్రొక్కిన వాడాతడు. ఆతడు ఒక్క పంక్తియైన వ్రాసిపెట్టలేదు. రెండువందల యేండ్ల తరువాత ఐస్‌లాండు వారు వ్రాసికొన్న రెండు కథలలో ఒకటి, ఆతడు మరియొకని యోడను కొని, ఆ నేలను వెదకికొనుచునే పోయెనని చెప్పును. రెండవది, గాలి కొట్టివేయగా ఎదురుచూడని నేల తగిలెనని చెప్పును. ఏది నమ్మవలెను? 1960లో న్యూఫౌండ్‌లాండు ద్వీపమున ఆ జాతివారి యిండ్ల పునాదులు బయటపడినవి. అచటి కొయ్యముక్కలు 1021వ సంవత్సరమున నరికినవని 2021లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. కొయ్య ఏటిని చెప్పగలదు గాని, ఆనాడు నరికినవానికి ఆకలియైనదో, ఇల్లు జ్ఞప్తికి వచ్చినదో చెప్పజాలదు. మన దుబాసిగారి కాగితము చెప్పును. గ్రంథమునకు సాహిత్యగౌరవము నిచ్చునది నాకు తోచినంతలో ఇదియే.

ఇక భాష. ఈ గ్రంథ మచ్చయిన పదునైదేండ్లకు, 1853లో, చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది, 1858లో బాలవ్యాకరణము. వచన మెట్లుండవలెనని పండితులు తగవులాడుటకు ముందే, గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష పక్షమున నిలుచుటకు డెబ్బదియేండ్లకు పైబడిన పూర్వమే, చెన్నపట్టణపు తెలుగువాడు తాను మాటలాడు తెలుగులో దేశమంతయు వర్ణించివేసినాడు. హిందూస్థానీ, అరవము, ఇంగ్లీషు మాటలు సంకోచము లేక వచ్చి కూర్చుండును. వాక్యము ఒక్కొక్కచో ఆమడ దూరము సాగును. ఐనను ఊపిరి తప్పదు. ఈ విమర్శను నేను వ్రాయుచున్న భాషకంటె ఆయన భాషయే మా వంటయింటికి దగ్గర. అందులకు నవ్వుకొందును గాని మానుకొనను.

లోపములు లేకపోలేదు. సృష్టి, కర్మము, వర్ణాశ్రమములను గూర్చిన చర్చలు నడుమ నడుమ వచ్చి బండిని నిలిపివేయును. కంపెనీ కొలువులో పెరిగినవాడు గనుక కంపెనీ దొరతనము దైవానుగ్రహమని తలచెను, మనము తలయూపనక్కరలేదు. యాత్ర ముగిసిన మరుసటి యేడే ఆ దొరతనములోనే గుంటూరు సీమను కరవు మ్రింగినది. అప్పుడు చెన్నపట్టణమున అన్నార్తులకు అన్నము పెట్టించినవారిలో ఈయనయు నొకరు: చేతికి తెలిసినది సిద్ధాంతమునకు తెలియలేదు.

అంతకంటె నన్ను వేధించునది వేరొకటి కలదు. ఈ యాత్ర పల్లకిలో జరిగినది. బోయీల ప్రసక్తి గ్రంథములో కలదు. కాని అది యజమాని చేయు ప్రసక్తి. మా కొయ్యూరు మన్యములో బాట లేని గూడెముల నుండి రోగిని డోలీ కట్టి భుజములమీద మోసికొని వచ్చుట నేటికిని కన్నులార చూచుచున్నాము. తరగతిలో ఈ గ్రంథమునుండి కొంత చదివి వినిపించినప్పుడు ఒక పిల్లవాడు, "మోసినవాడు రాసుంటే ఎలా ఉండేది మాస్టారూ?" అని యడిగినాడు. దీనికి సమాధానము నా సంస్కృతములోను లేదు, ఇంగ్లీషులోను లేదు. బాటపై పోవువారి కథలు మనకు గలవు. బాట వేసినవారివి, బరువు మోసినవారివి అరుదు. నర్సీపట్నము వైపునుండి గూడెము కొండలమీదికి వేయించిన బాటపై మన్యవాసులచేత వెట్టికి సాటియగు కూలికి పని చేయించుట, 1922లో అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున చెలరేగిన పోరాటమునకు ఒక కారణము. ఆయన 1924 మే 7న ఈ కొయ్యూరుననే తుపాకికి బలియైరి. బాట యనుమాట ఇచట ఊరక పలుకదగినది కాదు.

స్త్రీల విషయమును అట్టిదే. పైని చెప్పిన ఐస్‌లాండు కథలలో గుద్రీదు అను నామె ఆ కొత్తనేలపై కుమారుని కనినట్లును, ముదిమిని రోముకు యాత్ర చేసినట్లును కలదు. వీరాస్వామయ్యగారు ఆయా దేశముల స్త్రీల వేషభాషలను చూచిరి. కాని యాత్రచేసిన ఇల్లాలి కన్ను ఆ పుటలలో లేదు.

చదువగోరువారు దిగవల్లి వేంకట శివరావుగారు వివరణములతో 1941లో వెలువరించిన ముద్రణను సంపాదింపవలెను. ఆ వివరణములు లేనిదే సగము ఊళ్లపేర్లు మనకు తగులవు. మొదటిసారి చదువునప్పుడు హైదరాబాదు భాగముతో ఆరంభించి, వేదాంతచర్చలను తీరిక దినములకు దాచుకొనవచ్చును. మా పిల్లలు గోడపటముమీద ఎఱ్ఱదారముతో మజిలీలు గుర్తించుచున్నారు. దారము ప్రస్తుతము నాగపూరు దాటినది.