వినడం నేర్పే షార్ట్‌వేవ్

రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం సాయంత్రాలు ముల్లు తిప్పిన తరం మనలో ఇంకా ఉంది. వెంట్రుకవాసి పక్కకు జరిగితే పాట పోయి హోరు మిగిలేది. ప్రసారాలు బాగా తగ్గినా, చేతివేళ్లకూ చెవికీ అబ్బే ఆ నేర్పుకు విలువ తగ్గలేదు.

3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకూ ఉండే తరంగాలే షార్ట్‌వేవ్. అవి పైకి వెళ్లి, అయనోస్ఫియర్‌లో వంగి, వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. పగలు అందులోని అడుగు పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర చెదిరిపోతుంది. అందుకే పగటిపూట 15 మెగాహెర్ట్జ్ పైన ఉండే 19 మీటర్ల బ్యాండు, చీకటి పడ్డాక 6 దగ్గరి 49 మీటర్ల బ్యాండు వెతకాలి.

మొదలుపెట్టడానికి ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) సౌకర్యం ఉన్న చిన్న సెట్టు చాలు. ఏరియల్‌కు అయిదారు మీటర్ల తొడుగు వైరు తగిలించి కిటికీలోంచి బయటికి కట్టండి. కరెంటు తీగలకు దూరంగా ఉంచండి, ఉరుములు మొదలవక ముందే తీసేయండి. ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఆపేసి బ్యాటరీ మీద వింటే సగం గోల తగ్గుతుంది.

ఇప్పుడు 7.1 మెగాహెర్ట్జ్ దగ్గరికి రండి. ఇక్కడ హామ్‌లు, అంటే సరదాకి రేడియో నడిపే అమెచ్యూర్లు, మాట్లాడుకుంటారు. మామూలు ఏఎమ్‌లో వాళ్ల మాట ముద్దముద్దగా ఉంటుంది. ఎస్‌ఎస్‌బీలోని ఎల్‌ఎస్‌బీ మీట నొక్కి, ఫైన్ ట్యూనింగ్ నెమ్మదిగా తిప్పండి. కీచుగొంతు కాస్త కాస్తగా దిగి, ఒకచోట స్పష్టమైన మనిషి గొంతు అవుతుంది. ‘విక్టర్ యూనిఫాం’ అని వినిపిస్తే అది వీయూ, అంటే మన దేశపు కాల్‌సైన్.

విన్నది రాసిపెట్టడమే ఈ విద్యకు ప్రాణం. తేదీ, ఫ్రీక్వెన్సీ, మన టైములో అయిదున్నర గంటలు తీసేస్తే వచ్చే యూటీసీ, విన్న అంశం నోటు పుస్తకంలో ఎక్కించండి. సిగ్నల్ బలం, ఇతర స్టేషన్ల అడ్డు, హోరు, ఎగుడుదిగుళ్లు, మొత్తం నాణ్యత — ఒక్కోదానికి అయిదు మార్కుల లెక్కన వేసేదే సిన్‌పో. ఈ వివరాలతో ఉత్తరం రాస్తే చాలా స్టేషన్లు మనం విన్నది నిజమేనని ధ్రువీకరించే క్యూఎస్‌ఎల్ కార్డు పంపుతాయి. ఆ ఉత్తరంలో ఊహించి రాసిన ముక్క ఒక్కటీ ఉండకూడదు.

ఈ నిక్కచ్చితనం ప్రాణాల మీదికి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగా సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అక్కడి ద్వీపాలలోని వారి క్షేమ సమాచారాన్ని హామ్ రేడియో బయటికి చేరవేసింది. అలాంటి వేళ ఒక పేరో, అంకో తప్పుగా వింటే ఒక కుటుంబం అల్లాడిపోతుంది.

హామ్ రేడియోలో మాట్లాడాలంటే ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. హామ్‌ల మాటలు వినడానికి ఆ లైసెన్సు అక్కర్లేదు. పరీక్ష సంగతి తరవాత చూసుకోవచ్చు. ముందు ఒక నోటు పుస్తకం నిండేదాకా వినండి. మైకు పట్టే రోజుకు కావలసిన చెవి అప్పటికి తయారై ఉంటుంది.